గీత పడకుండా, మరక లేకుండా

కారు కడగడం కూడా ఒక ఉద్యోగమేనా అని నన్ను చాలామంది అడిగారు. పెళ్లి మాటలప్పుడు మా మామగారే అడిగారు. "కారు తోలతావా, కడుగుతావా?" అన్నారు. రెండూ అన్నాను. "తోలేది చెప్పప్పా. కడిగేది ఎవురైనా కడుగుతారు" అని తేల్చేశారు.

ఎవరైనా కడగలేరు. ఆ సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఈమధ్య కల్లూరులో ఇద్దరు అన్నదమ్ములు కార్లు కడిగే షాపు పెట్టి, పనివాళ్లకు నాలుగు మాటలు చెప్పమని నన్ను పిలిచారు. పోయి చూశాను. పంపు ఉంది, పైపు ఉంది, నురగ వచ్చే సబ్బు ఉంది. మధ్యాహ్నం ఎండలో నిలబెట్టిన కారును ఒకడు పొడి గుడ్డతో గుండ్రంగా రుద్దుతున్నాడు. నాకు నా ఇరవై రెండో ఏడు గుర్తొచ్చింది. నోటితో నాలుగు మాటలు చెబితే చాలదనిపించి ఇంటికొచ్చి కాగితం తీశాను.

నాకు ఏ ఏడు జీతంలో ఏ మెట్టు పెరిగిందో, ఎక్కడెక్కడికి బదిలీ అయ్యానో ఇందులో రాయను. అవి ఎవరికీ పనికిరావు. నాకు పని నేర్పిన మనిషి గురించి, ఆ మనిషికి నేను చేసిన అన్యాయం గురించి రాస్తాను.

రాళ్ల లారీల నుంచి

మాది కోడుమూరు పక్కన ఒక పల్లె. జొన్న, కొర్ర వేసుకునే మెట్ట సేద్యం. వరుసగా రెండేళ్లు వాన మొహం చాటేస్తే నేను బేతంచెర్ల పోయి నాపరాళ్ల లారీల మీద క్లీనరుగా చేరాను. అక్కడ లారీ కడగడమంటే బండిని వంకలోకి దింపి, కొబ్బరిపీచుతో బరబరా రుద్దడమే. రాళ్లు మోసే బండికి గీత పడితే ఎంత, పడకపోతే ఎంత!

కర్నూలు రాజధాని అయిన కొత్తలో కార్ల షెడ్డుకు క్లీనర్లు కావాలంటున్నారని విని వచ్చాను. ఆ రోజుల కర్నూలు చూసినవాళ్లకే తెలుసు. ఆఫీసులకు ఇళ్లు చాలక గుడారాలు వేశారు. గుడారాల మధ్య గుమాస్తాలు ఫైళ్లు చంకన పెట్టుకుని పరుగులు. దారులన్నీ దుమ్ము. ఆ దుమ్ములో నల్లగా, పెద్దగా కార్లు. అప్పటిదాకా నేను అన్ని కార్లు ఒక్కచోట చూసి ఎరగను. నదికి పోయే దారిలో రేకుల షెడ్డు, దాని వెనక ఒక బావి. అదే మా ఆఫీసు.

షెడ్డు మేనేజరు సుబ్బరామయ్య గారు. మంచివాడే గానీ భయస్తుడు. పైనుంచి కాగితం వస్తే చదవక ముందే చెమట పట్టేది ఆయనకు. నన్ను చూసి, "లారీలు కడిగినావు కదా, కార్లు కడగలేవా?" అన్నాడు. కడుగుతానన్నాను. టెంపరరీగా తీసుకుని, ఖాదర్ మామ దగ్గరకు పొమ్మన్నాడు.

ఖాదర్ మామ డ్రైవరు. షెడ్డులో ఉన్న కార్లన్నిటిలోకి పెద్దది ఆయన చేతిలో ఉండేది. ఒక పెద్ద అధికారి తిరిగే నల్ల కారు. యాభై దాటిన మనిషి. సన్నగా, పొడుగ్గా, తెల్ల గడ్డంతో ఉండేవాడు. మాట తక్కువ. హిందువులు, ముస్లిములు అని లేకుండా షెడ్డులో అందరూ ఆయన్ని మామా అనే పిలిచేవాళ్లు. ఆ కాలంలో డ్రైవరే కారుకు జవాబుదారీ. అయినా మిగతా డ్రైవర్లు కడిగే పని క్లీనర్లకు వదిలేసి చుట్ట కాల్చుకునేవాళ్లు. మామ మాత్రం తన కారు తానే కడిగేవాడు.

ఆకురాయి

నేను చేరిన రోజున మామ జుమ్మా నమాజుకు పోయి ఉన్నాడు. వచ్చేలోపల పని చేసి చూపించి మెప్పు పొందాలనుకున్నాను. కారు మీద సన్నటి దుమ్ము ఉంది. నా భుజం మీద తువ్వాలు తీసి, బలంకొద్దీ గుండ్రంగా తుడిచాను. బానెట్టు తళతళలాడింది. నాకెంతో సంతోషమైంది.

మామ వచ్చాడు. తిట్టలేదు. నా భుజం పట్టుకుని, పొద్దు వాలే దిక్కుగా నిలబెట్టి, "వంగి చూడు" అన్నాడు. వంగి చూశాను. వాలుగా పడే ఎండలో బానెట్టు నిండా సన్నటి గీతలు కనిపించాయి. సాలెగూడులా ఒకదాని చుట్టూ ఒకటి, వందలు.

"ఇవి యాడనుంచి వచ్చినాయి మామా?"

"నీ తువ్వాల్లోనుంచే. మొన్నటిదాంక యాడ పని చేసినావు?"

"బేతంచెర్లలో."

"ఆడ నాపరాయిని ఎట్ల నునుపు చేస్తారు?"

"ఇసక పోసి, నీళ్లు పోసి, రాయితో రుద్దుతారు."

"ఇసక రాయినే కోస్తాది కదప్పా. రంగును కొయ్యదా? దుమ్మంటే ఏమి? సన్న ఇసక. నువ్వు పట్టుకున్నేది గుడ్డ కాదు, ఆకురాయి."

నేను తలవంచుకున్నాను. రాళ్ల మధ్య తిరిగిన నాకే ఆ సంగతి తోచలేదు. ఉద్యోగం పోయిందనుకున్నాను. మేనేజరుకు చెబుతాడనుకున్నాను. మామ చెప్పలేదు. ఆ గీతలు మైనం పెట్టి మెల్లగా తగ్గించడానికి ఆయనకు పది రోజులు పట్టింది. ఆ పది రోజులూ నన్ను కారును ముట్టుకోనివ్వలేదు. పక్కన నిలబడి చూడమన్నాడు, అంతే.

నేను చూసింది మీకు చెబుతాను. కారును నీడలోకి తెచ్చేవాడు. వెంటనే నీళ్లు పోసేవాడు కాదు. బానెట్టు మీద అరచెయ్యి బోర్లించి, వెనక్కు తిప్పి, జ్వరం చూసినట్టు చూసేవాడు. వేడి పూర్తిగా దిగితేనే పని. చేతి ఉంగరం తీసి జేబులో వేసుకునేవాడు. గుండీలు కారుకు తగలకుండా చొక్కా విప్పేసేవాడు. తర్వాత నీళ్లు. పై కప్పు మీదినుంచి కిందికి, గుడ్డ పెట్టకుండా నీళ్లే. దుమ్ములో సగం దానంతట అదే దిగిపోయేది. మిగిలినది మెత్తబడేది.

అప్పుడు గానీ గుడ్డ తీసేవాడు కాదు. అది ఉతికి ఉతికి పట్టులా అయిన పాత మల్లు పంచె ముక్క. రెండు బకెట్లు ఉండేవి. ఒకదాంట్లో గుడ్డను జాడించడం, రెండోదాంట్లో మంచి నీళ్లు ముంచుకోవడం. జాడించే బకెట్టు అడుగుకు గుడ్డను తగలనిచ్చేవాడు కాదు, ఇసక అంతా అక్కడే కూర్చుంటుంది కాబట్టి. గుడ్డను ఎప్పుడూ గుండ్రంగా తిప్పలేదు. ఒక కొసనుంచి ఇంకో కొసకు నేరుగా, ఒత్తకుండా లాగేవాడు. నుదుటి మీద తడిగుడ్డ వేసినంత మెల్లగా. చక్రాల గుడ్డ వేరు, ఒంటి గుడ్డ వేరు. రెండూ ఎప్పుడూ కలవకూడదు.

"మామా, ఇంత నిదానమా?" అని ఒకసారి అడిగాను.

"బేటా, మురికిని గెలవాలని చూడాకు. దాన్ని పొమ్మని అడుగు. పోతాది."

పదకొండో రోజు పొద్దున ఆ బానెట్టు మీద నేను ఆకాశం చూశాను. అలంకారానికి రాయడం లేదు. ఒక గద్ద పైన తిరుగుతోంది. తలెత్తకుండా దాని రెక్కల ఈకలు లెక్కపెట్టగలిగాను. ఒక మనిషి చేతులు ఇనుప రేకును అంత లోతుగా చేయగలవని నాకు అంతకుముందు తెలియదు. నోరు తెరుచుకుని నిలబడిపోయాను. ఆ ఆశ్చర్యం నాకు ఇప్పటికీ తీరలేదు.

నీళ్ల గుణం

గీతలు పడకుండా కడగడం నాకు ఆరు నెలల్లో వచ్చింది. మరక లేకుండా కడగడానికి ఇంకో ఏడాది పట్టింది. అది చేతికి సంబంధించిన పని కాదు, నీళ్లకు సంబంధించిన పని.

షెడ్డు వెనక బావి నీళ్లు చూడటానికి తేటగా ఉండేవి. ఆ నీళ్లతో కడిగి ఆరనిస్తే కారు నిండా తెల్లటి చుక్కలు, ఒక్కోటీ పప్పుగింజంత. గోటితో గీరినా పోయేవి కావు. కర్నూలంతా సున్నపురాతి మీద కూర్చున్న ఊరు. బావి నీళ్లలో ఆ రాయి కరిగి ఉంటుంది. నీళ్లు ఆవిరైపోతాయి, రాయి మిగిలిపోతుంది.

మామ దగ్గర అరచెయ్యంత నల్ల పలక ఉండేది. ఏ ఊరు పోయినా ముందు అక్కడి నీళ్లు ఒక్క చుక్క దాని మీద వేసి ఎండలో పెట్టేవాడు. ఆరాక తెల్ల వలయం మిగిలితే, "ఈ నీళ్లు కడగను పనికొస్తాయి, ఆర్చను పనికిరావు" అనేవాడు. అంటే కడగడం ఆ నీళ్లతో కడిగినా, చివరి నీళ్లు మాత్రం వేరేవి కావాలి. కర్నూల్లో నది నీళ్లు తెప్పించి, కుండలో రెండు రోజులు తేర్చి, పై నీళ్లు మాత్రం తీసేవాడు. వాన కురిస్తే పండగే. షెడ్డు రేకుల కింద తొట్లు పెట్టి పట్టేవాళ్లం. వాన చుక్క పలక మీద ఆరితే ఏమీ మిగలదు.

ఆ చివరి నీళ్లు పోయడం చూడాల్సిందే. చిలకరించేవాడు కాదు. చెంబును బానెట్టుకు ఆనించినంత దగ్గరగా పెట్టి, తెగకుండా ఒకే ధారగా వదిలేవాడు. నీళ్లు దుప్పటి జారినట్టు జారిపోయేవి. ఎక్కడో నాలుగు చుక్కలు మిగిలేవి. వాటిని తడిపి పిండిన గుడ్డతో అద్దేవాడు. తుడవడం లేదు, అద్దడమే. పాత మరకలుంటే నీళ్లలో నాలుగు చుక్కల నిమ్మరసం కలిపి అద్ది, వెంటనే మంచి నీళ్లతో కడిగేసేవాడు. ఆలస్యం చేస్తే నిమ్మరసం రంగును తింటుంది.

మీకు ఇప్పుడు ఏవేవో ద్రావకాలు వచ్చాయి. వాడుకోండి. కానీ ముందు ఒక చుక్క ఆరబెట్టి చూడండి.

కడప దారిలో

మూడో ఏడు ఎండాకాలం. ఆ ఏడు కడప వైపు కరువు. మా నల్ల కారు అధికారి కరువు పనులు చూడటానికి పర్యటన పెట్టుకున్నారు. మామ స్టీరింగు దగ్గర, పక్కన నేను. వెనక అధికారి గారు, ఆయన క్యాంపు గుమాస్తా. ఈ గుమాస్తా పేరు రాయను, ఆయన పిల్లలు ఈ ఊళ్లోనే ఉన్నారు. చురుకైన మనిషి. దొరవారి మనసులో మాట దొరవారి కంటే ముందు తనకే తెలుస్తుందని ఆయన నమ్మకం.

నంద్యాల దాటి, ఆళ్లగడ్డ దాటి, ఎడమ చేతి పక్క అహోబిలం కొండలు చూసుకుంటూ పోయాం. కడపలో ఒక పూట ఆగి, మర్నాడు రాయచోటి దారి పట్టాం. రోడ్డు మీద కంకర తప్ప ఏమీ లేదు. కారు వెనక దుమ్ము గోడలా లేచింది. చేరాల్సిన పల్లె చేరేసరికి నల్ల కారు ఎర్ర కారయింది.

ఊరి మొదట్లోనే బావి. దాని చుట్టూ కడవలు. ఆడవాళ్లు వరసలో కూర్చున్నారు, నిలబడి లేరు. బావిలో నీళ్లు ఊరేదాకా కాచుకుని, ఊరినప్పుడు ఒకరు దిగి చెంబుతో తోడి కడవ నింపుకుంటారు. మళ్లీ కూర్చోవడం. తెల్లవారుజామున వచ్చినవాళ్లలో సగం మందికి పొద్దు నెత్తికెక్కినా వంతు రాలేదట.

అధికారి గారు ఊరి పెద్దలతో చెరువు పని చూడటానికి నడిచి పోయారు. గుమాస్తా వెంట పోతూ పోతూ వెనక్కి తిరిగొచ్చాడు.

"ఖాదర్, దొరవారు సాయంత్రం తాలూకా మీటింగుకు పోవాల. కారు ఈ అవతారంలో ఉంటే ఎట్ల? కడుగు."

"నీళ్లు ల్యావు సామీ" అన్నాడు మామ.

"ల్యాకేమి? అవన్నీ ఏంది?" అని నిండిన కడవలు చూపించాడు. తలారిని పిలిచి, "ఎనిమిది కడవలు ఇటు తెప్పించు" అన్నాడు.

తలారి కదిలాడు. ఆడవాళ్లు లేచి నిలబడ్డారు. ఎవరూ అరవలేదు, ఏడవలేదు. ఒకరొకరుగా కడవలు ఎత్తి మా వైపు తేవడం మొదలుపెట్టారు. సర్కారు అడిగితే ఇవ్వాలని వాళ్లకు తెలుసు. నేను బకెట్టు తీశాను. చెప్పిన పని చేయడమే ఉద్యోగమని అప్పుడు నా లెక్క.

మామ నా చేతిలో బకెట్టు తీసుకుని కారు కింద పెట్టాడు.

"సామీ, ఈ నీళ్లు నేను ముట్టను. ఇవి తాగే నీళ్లు."

"నువ్వెవురు ముట్టననేకి? ఉద్యోగం చేస్తాండావా, ఫకీరుగిరీ చేస్తాండావా?"

"కారు కడుగుతాను. దొరవారు వచ్చేలోగా కడుగుతాను. ఈ నీళ్లు మాత్రం వద్దు."

"నీళ్లు ల్యాకుండా ఎట్ల కడుగుతావు? ఉమ్మితోనా?"

గుమాస్తా ఏదో గొణుక్కుంటూ, "రాసుకుంటాండా, రాసుకుంటాండా" అంటూ అధికారి వెనక పోయాడు.

ఒక్క కడవ

ఆడవాళ్లు కడవలతో అట్లాగే నిలబడ్డారు. ముందున్నామె పేరు ఓబులమ్మ. డెబ్బై ఏళ్లుండొచ్చు. మామ ఆమెతో, "అవ్వా, ఎత్తకపోండి. మాకొద్దు" అన్నాడు.

ఆమె కదల్లేదు. మామ మొహంలోకి చూసింది. "నాయనా, ఆయప్ప నిన్ను కొలువులోనుంచి తీసేస్తాడు కదా."

"తీసేస్తే తీసేస్తాడు."

"నా కడవ తీసుకో. నేను ఒంటిదాన్ని. సగం కడవైతే నాకు రెండు దినాలు. ఇది నేనిచ్చేది, వాడు గుంజుకునేది కాదు."

మామ ఆమె తలమీది కడవను రెండు చేతులతో దింపుకున్నాడు. కారును చింతచెట్టు నీడకు తోయించాడు. కారు వెనక పెట్టెలోనుంచి పంచె గుడ్డలన్నీ తీశాడు. చాలలేదు. తన సంచిలో మీటింగుకు కట్టుకోవడానికి ఉతికి పెట్టుకున్న కొత్త మల్లు పంచె ఉంది. దాన్ని కూడా చించాడు.

ముందు వేడి దిగేదాకా కాచుకున్నాం. తర్వాత మామ నెమలీకల కుంచెతో, రేకుకు ఈక కొస మాత్రమే తగిలేట్టు, పైదుమ్మును గాలికి ఎగరేశాడు. నాలుగు ముక్కలు పక్కన పెట్టి, మిగతావన్నీ కడవలో తడిపి, పిండకుండా, కారుతుండగానే ఒక్కొక్కటీ రేకు మీద పరిచాడు. పరిచి వదిలేశాడు. కారు మొత్తం తడిగుడ్డలు కప్పుకుని జ్వరంతో పడుకున్న మనిషిలా ఉంది.

"ఇప్పుడేం చేయాల మామా?"

"ఏమీ చెయ్యాకు. గుడ్డ బరువే పని చేస్తాది."

కాసేపటికి ఒక్కో గుడ్డ కొసను రెండు వేళ్లతో పట్టుకుని, ఒత్తకుండా, ఒకే దిక్కుకు లాగాడు. దాని బరువుకే అది జారింది. దాని వెనక నల్లగా, తడిగా రేకు బయటపడింది. ఒకసారి లాగిన వైపు మళ్లీ కారుకు తగలనివ్వలేదు. మడిచి ఇంకో వైపు, మళ్లీ మడిచి ఇంకో వైపు. అన్ని వైపులూ అయిపోతే పక్కన పడేశాడు. మురికి గుడ్డ ఏదీ మళ్లీ కడవలోకి పోలేదు. నేను రెండో పక్కన ఆయన చెయ్యి చూస్తూ అట్లాగే లాగాను. నా ఊపిరి నాకే వినిపించింది. ఒక్క ఇసక రేణువు గుడ్డ కింద పడితే నా వేలికి తెలుస్తుందని ఆ రోజే కనిపెట్టాను.

చివరికి, పక్కన పెట్టిన ముక్కలను తడిపి పిండి వాటితో అద్దాం. ఆ ఊరి నీళ్లు ఉప్పునీళ్లు. పలక మీద వేస్తే మచ్చ పడే నీళ్లే. అందుకని చుక్క అనేది ఆరడానికి వదలకుండా జానెడు జానెడుగా అద్దుతూ పోయాం.

కడవలో ఇంకా సగానికి పైగా నీళ్లున్నాయి. అవి తేటగానే ఉన్నాయి. మామ దాన్ని ఎత్తి ఓబులమ్మ చేతిలో పెట్టాడు. మురికి గుడ్డలు పిండిన నీళ్లు చింతచెట్టు మొదట్లో పోయించాడు.

పల్లె పిల్లలూ, ఆడవాళ్లూ చుట్టూ చేరారు. అంత పెద్ద అద్దం వాళ్లు ఎన్నడూ చూసి ఎరగరు. ఓబులమ్మ కారు తలుపు ముందు నిలబడింది. తల నుంచి కాలి దాకా తనను తాను చూసుకుంది. చెంప మీద చెయ్యి వేసుకుంది. తలుపులో ఉన్నామె కూడా వేసుకుంది.

"ఓయమ్మా! ఇంత ముసిల్దాన్నయినానా నేను?" అంది. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఇంకా కాసేపు చూసుకుంది. "మా యమ్మ మాదిరే ఉండాను" అంది మెల్లగా.

నేను తర్వాత ఎన్నో కార్లు కడిగాను. ఎందరో పెద్దమనుషులు వాటిలో ఎక్కారు, దిగారు. ఆ సగం కడవ నీళ్లతో మామ చేతుల్లో తయారైన ఆ వెలుగు లాంటిది మళ్లీ చూడలేదు.

అధికారి గారు తిరిగొచ్చారు. కారును చూసి ఆగారు. బావి వైపు చూశారు. "ఎన్ని నీళ్లు వాడినావు ఖాదర్?" అన్నారు.

"సగం కడవ కూడా పట్టలేదు సార్. ఈ అవ్వ ఇచ్చింది."

ఆయన ఓబులమ్మకు నమస్కారం పెట్టి కారెక్కారు. గుమాస్తా కిటికీలోనుంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

నేను చెప్పిన అబద్ధం

కర్నూలు చేరిన వారానికి మేనేజరు సుబ్బరామయ్య గారు నన్ను లోపలికి పిలిచారు. ఆయన చేతిలో కాగితం ఉంది. చెమట పట్టి ఉన్నాడు. గుమాస్తా రాసిన ఫిర్యాదు అది. ఖాదర్ ఆజ్ఞ మీరాడని, నలుగురిలో తనను దూషించాడని, కారు కడగకుండా మురికిగా మీటింగుకు తెచ్చి పరువు తీశాడని అందులో ఉంది.

"నువ్వు ఆడనే ఉండావు కదా. ఏం జరిగిందో చెప్పు."

చెప్పాల్సింది రెండే మాటలు. తిట్టలేదు, కారు కడిగినాము. ఆ రెండూ నా నాలుక మీద ఉన్నాయి. అప్పుడే మేనేజరు గారు తల ఎత్తకుండా, "నిన్ను పర్మనెంటు చేసే కాగితం కూడా ఆ గుమాస్తా టేబులు మీదనే ఉండాది, తెలుసు కదా" అన్నారు. బెదిరించడానికి కాదు, నామీద జాలితోనే అన్నాడని నేను ఇప్పటికీ అనుకుంటాను.

"నేను నీళ్లకని పక్కకు పోయినాను సార్. ఏమీ చూడలేదు" అన్నాను.

మామ చేతిలోనుంచి స్టీరింగు తీసేశారు. రోడ్డు పనుల తారు లారీలు ఉండే షెడ్డుకు, కల్లూరు వైపు, లారీలు కడిగే పనికి పంపారు. అధికారి గారికి ఈ సంగతి చేరేలోపలే ఆయనకు వేరే చోటికి బదిలీ అయింది. పెద్దవాళ్లకు మంచి మనసు లేదని నేను అనను. ఆ మనసు దాకా కాగితం పోదు. కింది చేతుల్లోనే అన్నీ తేలిపోతాయి. అందుకే కింద ఉన్నవాడు నిజం చెప్పడం అంత అవసరం. కొత్తగా పనిలో చేరేవాళ్లు ఈ ఒక్కటి గుర్తుపెట్టుకుంటే కారు కడగడం తర్వాతైనా నేర్చుకోవచ్చు.

నన్ను పర్మనెంటు చేశారు. నల్ల కారు కడిగే పని నాకే ఇచ్చారు. ప్రతి పొద్దునా దాని బానెట్టులో నా మొహం కనిపించేది. తలెత్తి వేరే పక్కకు చూసుకుంటూ కడిగేవాణ్ణి.

కల్లూరు షెడ్డు

నాలుగు నెలలు ఓర్చుకున్నాను. రాజధాని హైదరాబాదుకు పోతుందని, కార్లతో పాటు మమ్మల్నీ పంపుతారని మాట పుట్టాక ఇక ఉండలేకపోయాను. ఒక ఆదివారం పొద్దున నడిచి కల్లూరు పక్క ఆ షెడ్డుకు పోయాను.

నలిగిపోయిన మనిషిని చూస్తాననుకున్నాను. షెడ్డు ముందు వేపచెట్టు నీడలో తారు లారీ ఒకటి నిలబెట్టి ఉంది. దాని తలుపు మీద తడిగుడ్డ పరిచి, రెండు వేళ్లతో కొస పట్టుకుని, మామ మెల్లగా కిందికి లాగుతున్నాడు. చొక్కా విప్పి కొమ్మకు తగిలించి ఉంది. వేలికి ఉంగరం లేదు. తారు మరకల మధ్య ఆ తలుపు పచ్చగా మెరుస్తోంది. ఆ లారీ రంగు పచ్చ అని దాని డ్రైవరుకు కూడా తెలిసి ఉండదు.

నల్ల కారుకు చూపించిన మర్యాదలో ఆ లారీకి ఒక్క వీసం తక్కువ చెయ్యలేదు ఆయన. చూసేవాళ్లు ఎవరూ లేరు.

"రాప్పా ఎల్లప్పా" అన్నాడు తల తిప్పకుండా. నా అడుగుల చప్పుడు గుర్తుపట్టాడో ఏమో.

దగ్గరకు పోయి చెప్పేశాను. "మామా, మేనేజరు అడిగితే నేను అబద్ధం చెప్పినాను. నేను ఆడ లేనని చెప్పినాను. నా వల్లనే నీకు ఈ గతి."

"తెలుసులే."

"తెలుసా?"

"ఆ పొద్దే మేనేజరు గది బంట్రోతు వచ్చి చెప్పినాడు."

"మరి నన్ను ఒక్క మాట కూడా అనలేదే మామా?"

గుడ్డ మడిచి ఇంకో వైపు తిప్పాడు. "అనింటే నువ్వు ఇంగ నా మొగం చూసేకి వచ్చిండవు. నువ్వు రాకపోతే ఈ పని ఇంగెవురికి చెప్పాల? శానా దినాలు పట్టింది నీకు నేర్పేకి." ఆ గుడ్డను మళ్లీ పరుస్తూ, "తప్పు చేసినావు. శానా పెద్ద తప్పు. అది నువ్వే మోసుకోవాల, దాన్ని నేను దింపలేను. ఆ పక్క కొస పట్టుకో" అన్నాడు.

నేను ఉంగరం తీసి జేబులో వేసుకున్నాను. చొక్కా విప్పాను. ఇద్దరం చెరో కొస పట్టుకుని ఆ పచ్చ లారీని పై నుంచి కింది దాకా కడిగాం. మధ్యాహ్నం దాటింది.

పని అయ్యేసరికి దాని డ్రైవరు వచ్చాడు. బీడీ నోట్లో పెట్టుకుని, తారు అంటిన చెప్పులతో గబగబా వచ్చి తలుపు మీద చెయ్యి వేయబోయి ఆగాడు. లారీ చుట్టూ ఒకసారి తిరిగాడు. బీడీ పారేశాడు. చెప్పులు విప్పి చేత పట్టుకుని, పంచెతో పాదాలు తుడుచుకుని, అప్పుడు ఎక్కాడు.